చుక్కగుర్తు పడవ

పూర్వ విద్యార్థుల చేత వార్షిక సంచికకు వ్యాసం రాయిస్తే మామూలుగా రెండు రకాలు వస్తాయి. ఒకటి, తమ రోజుల్లో హాస్టలు సాంబారు ఎంత పల్చగా ఉండేదో వర్ణించేది. రెండోది, నేటి యువతరం ఎట్లా మెలగాలో బోధించేది. ఈ రెంటికీ నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. అందుకని నేనొక పడవ గురించి రాస్తానని విద్యార్థి సంఘం కార్యదర్శికి ముందుగానే చెప్పాను. "పడవేవిటండీ?" అన్నాడా అబ్బాయి. పడవే. ఇద్దరు మనుషులు, రెండు తెరచాపలు, ఒక చుక్కాని. మోటారు లేదు, తెడ్డు లేదు. కానీ మనం మూడేళ్ళో అయిదేళ్ళో క్లాసు గదుల్లో చదువుకున్న బలాలు, భ్రామకాలు, పీడనాలు అన్నీ దాని మీద కూర్చుంటే ఒళ్ళు నొప్పులుగా తెలిసివస్తాయి.

నేను మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ డియాగో నగరంలో ఉన్నాను. అక్కడి అఖాతంలో శని, ఆదివారాలు "స్టార్" అనే జాతి పడవలు పందాలు వేసుకుంటాయి. ఆ పడవకు రెండో మనిషి, అంటే వాళ్ళ భాషలో "క్రూ", బరువుగా ఉండాలి. నాకున్న అర్హత అదొక్కటే. మూడేళ్ళ పాటు ఒక పెద్దాయన పడవలో ఆ ఉద్యోగం చేశాను. ఆయన చుక్కాని పట్టుకుని ఆలోచించేవాడు. నేను అంచున వేలాడుతూ తడిసేవాణ్ణి. తడుస్తూ నేర్చుకున్నదే ఇది.

స్టార్ పడవ వయసు నూరేళ్ళు దాటింది. న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. అక్కడ జార్జి కోరీ అనే పెద్దమనిషి, అతని స్నేహితులు కలిసి, ఓ మోస్తరు ఆదాయం ఉన్నవాళ్ళు కూడా కొనుక్కోగలిగిన పందెపు పడవ ఒకటి కావాలనుకున్నారు. అంతకు ముందు 1907లో "బగ్" అనే బుల్లి పడవ వచ్చింది గానీ, అందులో కూర్చున్నవాళ్ళు నిలువునా తడిసేవారు. దాన్నే కాస్త పెద్దది చేయమని విలియం గార్డ్‌నర్ అనే నౌకాశిల్పిని అడిగితే, ఆయన కార్యాలయంలో పనిచేసే ఫ్రాన్సిస్ స్వైస్‌గుత్ 1910లో గీతలు గీశాడు. 1911లో పోర్ట్ వాషింగ్టన్ అనే ఊళ్ళో ఐక్ స్మిత్ అనే వడ్రంగి మొదటి విడతగా 22 పడవలు కట్టాడు. గీసినవాడి పేరు కంటే కార్యాలయం యజమాని పేరే చాలాకాలం ముందు నిలిచింది. ఇది అన్ని దేశాల్లోనూ ఉన్న ఆచారమే అనుకుంటాను.

పొడవు 6.92 మీటర్లు, వెడల్పు 1.73 మీటర్లు. నీటి కింద లోతు ఒక మీటరు పైచిల్లర. బరువు 671 కిలోలకు తగ్గకూడదు. పక్కలూ అడుగూ కలిసే చోట గుండ్రంగా తిరగకుండా, పెట్టె మూల లాగా కోసుగా ఉంటుంది. అట్లా ఉంటే పలకలు వంచి మేకులు కొట్టడం తేలిక, ఖర్చు తక్కువ. పడవ పొట్ట కింద మధ్యలో ఒక ఇనుప రెక్క వేలాడుతుంది. దాని కొసన పొడుగు సొరకాయ లాంటి ఇనుప దిమ్మ. దీన్నే కీల్ అంటారు. మొత్తం బరువులో సగానికి పైగా ఈ కీల్‌దే. ఇక పడవ మీద నిలబెట్టిన తెరచాప కొయ్య ఎత్తు తొమ్మిది మీటర్లకు పైమాటే. (అల్యూమినియంతో చేసినా దాన్ని కొయ్య అనే అంటాను, మన భాషలో అదే పేరు.) ఆ కొయ్యకు వెనకవైపు పెద్ద చాప, ముందువైపు చిన్న చాప. రెండూ కలిపి 26.5 చదరపు మీటర్ల గుడ్డ. పడవ పొడవు చూసి ఆ గుడ్డ చూస్తే, చిన్నపిల్లాడికి తాతగారి పంచె కట్టినట్టుంటుంది.

ఇక్కడే స్టార్ పడవ అసలు విశేషం ఉంది. పడవ శరీరం ఆకారాన్ని ఆనాడే నిబంధనలతో కట్టేశారు. 1911లో కట్టిన పడవా, నిన్న కట్టిన పడవా గీతల్లో ఒకటే. చెక్క పోయి 1960ల తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది గానీ ఆకారం మారలేదు. డబ్బున్నవాడు వేగంగా పోయే పడవ గీయించుకుని గెలిచే వీలు ఉండకూడదు, నడిపేవాడి నేర్పే గెలవాలి. ఉద్దేశం ఇది. కానీ పైనున్న కొయ్యనూ చాపలనూ మాత్రం ఆ కట్టు నుంచి కొంత వదిలేశారు. మొదట్లో కొయ్య పొట్టిది, చాప పైఅంచుకు ఇంకో వాసం ఉండేది. 1920ల మొదట్లో ఆ వాసం పోయి చాప మూడు మూలలదైంది. 1930 ప్రాంతంలో కొయ్య ఇంకా ఎత్తయి, చాప అడుగున ఉండే అడ్డదూలం పొట్టిదయింది. ఆ అడ్డదూలాన్ని బూమ్ అంటారు. తల వంచని వాడికి అది ఎందుకు ఉందో మొదటి రోజునే తెలుస్తుంది. అంటే కింద కట్టేసిన ఆవు, పైన విప్పేసిన దూడ. ఈ నూరేళ్ళలో ఈ పడవ మీద ఖర్చయిన బుర్రంతా ఆ పై భాగం మీదే ఖర్చయింది.

ఎదురుగాలికి పడవ ఎట్లా పోతుందన్న ప్రశ్న ముందు తీర్చుకోవాలి. గాలి వెనకనుంచి తోస్తే పడవ ముందుకు పోతుంది, ఇందులో వింత లేదు. కానీ గాలి వస్తున్న దిక్కుకే పోవాలంటే? సూటిగా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల వాలుగా ఒక పక్కకు కొంతదూరం, తర్వాత రెండో పక్కకు కొంతదూరం, ఇట్లా వంకరటింకరగా పోయి గమ్యం చేరుతుంది. ఆ 45 డిగ్రీల వాలులో చాప గాలికి ఒక కత్తి అంచులా నిలబడుతుంది. వచ్చే గాలిని అది తన వంపు వెంట పక్కకు మళ్ళిస్తుంది. గాలి దిక్కు మారిందంటే దాని మీద బలం పనిచేసిందన్నమాట. ఆ బలానికి ప్రతిబలం చాప మీద పడుతుంది. వంపు వెలుపలి వైపు పీడనం తగ్గుతుంది, లోపలి వైపు పెరుగుతుంది.

చాలా పాఠ్యపుస్తకాల్లో, రెక్క పైనుంచి పోయే గాలీ కిందనుంచి పోయే గాలీ ఒకేసారి వెనక కొసకు చేరాలి గనక పైగాలి తొందరపడుతుందని రాస్తారు. రెంటికీ అట్లాంటి ఒప్పందం ఏమీ లేదు. నిజానికి పైగాలి కిందిదానికంటే ముందే చేరుతుంది. లెక్చరరు మిత్రులు కోపగించుకోకపోతే, ఆ వాక్యాన్ని నోట్సుల్లోంచి కొట్టివేయమని నా మనవి.

చాప మీద పడిన ఈ బలంలో ఎక్కువ భాగం పడవను పక్కకు నెడుతుంది, కొద్ది భాగమే ముందుకు. పక్కకు నెట్టేదాన్ని కీల్ ఆపుతుంది. నీటిలో అది కూడా ఒక రెక్కే. పడవ రెండు మూడు డిగ్రీలు పక్కకు జారుతూ పోతుంది. ఆ జారుడే కీల్‌కు నీటిలో పట్టు ఇస్తుంది. పైన గాలి ఒక వైపునుంచి, కింద నీరు రెండో వైపునుంచి నొక్కుతాయి. తడి పనసగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఎటు పోతుందో మీకు తెలుసు. వేళ్ళ దిక్కుకు పోదు, అడ్డంగా ఎగిరిపోతుంది. పడవా అంతే. అందుకే కీల్ లేని తెప్ప మీద ఎంత మంచి చాప కట్టినా గాలికి ఎదురెక్కడం కష్టం. మన తీరంలో తెప్ప నడిపే బెస్తవాళ్ళు పక్కగా పలక దించుకునేది ఇందుకే. వాళ్ళు ఏ పుస్తకమూ చదవలేదు.

ఇప్పుడు గాలి బలం లెక్క చూద్దాం. గాలి పీడనం దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు 15 న్యూటన్ల వంతున, 26.5 చదరపు మీటర్ల మీద సుమారు 400 న్యూటన్లు, అంటే 40 కిలోల బరువంత. గాలి 10 మీటర్లకు పెరిగితే? రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 160 కిలోలంత. గుణకం ఒకటి అనుకుని వేసిన మోటు లెక్క ఇది. పాఠం మాత్రం మోటుది కాదు. పొద్దున పడవను కదిలించడానికి చాలని చాప, మధ్యాహ్నం గాలి లేచేసరికి అదే పడవను పడుకోబెట్టేస్తుంది.

పెద్ద ఓడల వాళ్ళు గాలి పెరిగితే చాప కొంత చుట్టేస్తారు, లేదా దించి చిన్నది ఎక్కిస్తారు. స్టార్ పడవలో ఆ వెసులుబాటు లేదు. ఉన్నవి రెండే చాపలు. గాలి తగ్గినా పెరిగినా అవే. వాలుగాలిలో కొన్ని పడవలు బుడగలాంటి మూడో చాప ఎగరేస్తాయి. స్టార్‌కు అదీ లేదు. ఉన్న ముందు చాపనే ఒక కర్రతో పక్కకు తోసి పట్టుకోవాలి. కాబట్టి ఈ పడవలో ప్రశ్నల్లా ఒక్కటే: ఒకే గుడ్డ అన్ని గాలులకూ ఎట్లా సరిపోవాలి?

గాలి తక్కువున్నప్పుడు చాపకు పొట్ట కావాలి. వంపు ఎక్కువుంటే గాలిని ఎక్కువ మళ్ళిస్తుంది, బలం ఎక్కువ వస్తుంది. గాలి ఎక్కువున్నప్పుడు ఆ పొట్టే శత్రువు. చాప పలకలా చదునుగా ఉండాలి. అయితే గుడ్డ ఒకసారి కుట్టాక దాని పొట్ట ఎట్లా మారుతుంది? ఇది అర్థం కావాలంటే ముందు గుడ్డకు పొట్ట ఎట్లా వస్తుందో చూడాలి.

చాప ఒకే గుడ్డ కాదు. అడ్డంగా పేర్చిన పట్టీలు. పట్టీ అంచును కాస్త వంపుగా కోసి, పక్క పట్టీతో కలిపి కుడితే, చదునైన గుడ్డ బొడిపె తేలుతుంది. జాకెట్టు కుట్టే దర్జీ డార్టులు పెట్టేది ఈ లెక్కనే. ఇది ఒక ఉపాయం. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. చాప ముందు అంచు కొయ్యలోని గాడిలో దూరి నిలుస్తుంది. ఆ అంచును దర్జీ తిన్నగా కోయడు, మధ్యలో కొంత ముందుకు ఉబ్బేట్టు కోస్తాడు. కొయ్య తిన్నగా ఉంటే ఆ అదనపు గుడ్డకు చోటు చాలక అది వెనక్కు పోయి పొట్టగా తేలుతుంది. ఇప్పుడు కొయ్యనే విల్లులా ముందుకు వంచారనుకోండి. ఉబ్బిన అంచుకు వంగిన కొయ్య సరిగ్గా సరిపోతుంది. అదనపు గుడ్డ ముందుకు లాగబడి పొట్ట మాయమవుతుంది. కొయ్యను వదిలితే మళ్ళీ పొట్ట. ఒక్క తాడు లాగుడులో చాప బొద్దుగానూ సన్నగానూ మారుతుంది. అంతేకాదు, కొయ్య వంగేకొద్దీ చాప వెనక అంచు పైభాగాన సడలి గాలిని వదిలేస్తుంది. పడవను పడగొట్టే భ్రామకంలో పైభాగానిదే పెద్ద వాటా గనక, అక్కడ వదిలితే పడవ వెంటనే తేరుకుంటుంది.

కొయ్య నిటారుగా, కదలకుండా ఉండాలన్నది వెనకటి నౌకాశిల్పుల నమ్మకం. ఎన్నో తీగలతో బిగించి కట్టేవారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టినవాళ్ళలో వాల్టర్ ఫాన్ హుట్‌ష్లర్ ముఖ్యుడు. జర్మనీ తరఫున "పిమ్" అనే స్టార్ పడవ నడిపేవాడు. 1930ల చివర ఆయన పడవలో కొయ్య వంగేది, బూమ్ వంగేది. వెనకనుంచి పట్టే తాళ్ళను ప్రతి గాలికీ బిగిస్తూ వదులుతూ ఉండేవాడు. పక్కవాళ్ళు మొదట నవ్వే ఉంటారు. 1938లో శాన్ డియాగోలోనూ, 1939లో జర్మనీలోని కీల్ రేవులోనూ (రేవు పేరు అట్లా కలిసింది, నేను పెట్టలేదు) ప్రపంచ పోటీ ఆయనదే. ఆ తర్వాత నవ్వేవాళ్ళు లేరు. ఈనాడు పందెపు చిన్న పడవల్లో వంగని కొయ్య దాదాపు కనిపించదు.

వంగే కొయ్యకు వెల ఉంది. స్టార్ కొయ్య చాలా సన్నం. దాన్ని వెనకనుంచి పట్టి ఉంచే తాళ్ళు ఎడమ, కుడి రెండు వైపులా ఉంటాయి. పడవ ఒక వాలునుంచి రెండో వాలుకు తిరిగిన ప్రతిసారీ ఒకవైపువి వదలాలి, రెండోవైపువి బిగించాలి. వాలుగాలిలోనైతే వాటిని బాగా వదిలి కొయ్యను ముందుకు వాలనిస్తారు. చూసేవాళ్ళకు ఇప్పుడో ఇంకాసేపటికో విరిగి పడేట్టుంటుంది. గట్టి గాలిలో వాటిని వేళకు బిగించకపోతే నిజంగానే విరిగి పడుతుంది. మా స్కిప్పరు తక్కినవన్నీ మామూలు గొంతుతో చెప్పేవాడు. వెనకతాళ్ళ విషయం మాత్రం అరిచి చెప్పేవాడు.

గుడ్డ సంగతి. యుద్ధం దాకా మేలురకం నూలు గుడ్డే. కొత్త నూలుచాపను తేలికపాటి గాలిలో కొన్నాళ్ళు మెల్లగా సాగనిచ్చి, తర్వాతే పందానికి కట్టేవారు. తేమకు ఒక ఆకారం, ఎండకు ఇంకో ఆకారం. 1950లలో పాలియెస్టరు వచ్చింది. అమెరికాలో డెక్రాన్, ఇంగ్లండులో టెరిలిన్. మన నాన్నలు పెళ్ళిళ్ళకు దాచుకుని తొడుక్కున్న టెరిలిన్ చొక్కా గుడ్డకు ఇది అన్నగారే. నేత బిగువు, పైన జిగురు పూత. దీనితో చాప దర్జీ పని చేతివాటం నుంచి కొలతల్లోకి వచ్చింది. మీ చేతిరుమాలును నిలువు దారం వెంట లాగి చూడండి, సాగదు. మూలనుంచి మూలకు లాగండి, సాగుతుంది. చాపలోనూ అంతే. లాగుడు ఎక్కువ పడే వెనక అంచు వెంట దారం వరస పోయేట్టు పట్టీలు పేర్చకపోతే, గాలి లేచినప్పుడు చాప ఆకారమంతా చెదిరిపోతుంది.

ఈ కొలతల పనికి పెద్దపీట వేసినవాడు లోవెల్ నార్త్. శాన్ డియాగో మనిషి. 1945లో పదిహేనేళ్ళ కుర్రాడిగా, పదిహేడేళ్ళ మేలిన్ బర్న్‌హామ్ పడవలో క్రూగా స్టార్ ప్రపంచ పోటీ గెలిచాడు. తర్వాత ఇంజనీరింగు చదివి, 1957లో తెరచాపల దుకాణం పెట్టాడు. గుడ్డ ఎంత బరువుకు ఎంత సాగుతుందో యంత్రం మీద పరీక్షించి, సంఖ్యలు రాసుకుని, ఆ తర్వాతే కత్తెర పట్టేవాడు. తాను కుట్టిన చాపను తానే పందెంలో పరీక్షించేవాడు: 1957, 1959, 1960, 1973 సంవత్సరాల్లో స్టార్ ప్రపంచ విజేత, 1968 మెక్సికో ఒలింపిక్సులో పీటర్ బారెట్‌తో కలిసి స్వర్ణం. పడవను బిగించి ఉంచిన నిబంధన లేకపోతే చాప మీద ఇంత శ్రద్ధ పుట్టేది కాదేమో. అందరి పడవా ఒకటే అయినప్పుడు తేడా గుడ్డలోనే వెతుక్కోవాలి మరి. డబ్బున్నవాడు ఈ దారిన లోపలికి రాలేదా అంటే, వచ్చాడు. ఏటా కొత్త చాపలు కొనగలిగినవాడికి కొంత మేలు ఉండనే ఉంది. కానీ కొన్న చాపను వంచడం తెలియాలి. మా రేవులో పాత చాపతో ముందుండే ముసలాయన ఒకరుండేవారు. కొత్త చాపతో వెనకుండేవాళ్ళు చాలామంది ఉండేవారు.

చాప సరిగ్గా ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? గాలి కంటికి కనబడదు కదా. ముందు చాపకు రెండు వైపులా జానెడు ఊలు దారపు ముక్కలు అతికిస్తారు. రెండువైపులవీ వెనక్కు తిన్నగా పారుతుంటే గాలి అంటిపెట్టుకుని పోతున్నట్టు. బయటివైపు దారం గింగిరాలు తిరిగితే చాప మరీ బిగిసినట్టు, లోపలిది తిరిగితే వదులైనట్టు. ఎన్నో పరికరాలు వచ్చినా ఈ దారానికి పోటీ రాలేదు. ఇంకొక చిక్కు: నీటికి దగ్గరగా గాలి నెమ్మది, పైన వేగం. నడుస్తున్న పడవకు తన వేగం వల్ల పుట్టే ఎదురుగాలి కూడా తోడవుతుంది గనక (గాలి లేని సాయంత్రం బీచి రోడ్డు మీద సైకిలు తొక్కినప్పుడు మొహానికి కొట్టే గాలి ఇదే), కిందా పైనా చాపకు తగిలే గాలి దిక్కు వేరు. కాబట్టి చాప నిలువునా కొద్దిగా మెలి తిరిగి ఉండాలి. గాలి పెరిగితే పొట్ట వెనక్కు జారుతుంది. ముందు అంచును కిందికి లాగితే మళ్ళీ ముందుకు వస్తుంది. ఆ లాగే తాడును బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే అమెరికను పేరుతో కనింగ్‌హామ్ అనే పిలుస్తారు. బూమ్ కొసకు ఒక తాడు, కిందికి లాగడానికి ఒకటి, జిబ్ అనే ముందు చాపకు రెండు. లెక్కపెట్టడం మొదటి రోజే మానేశాను.

ఇక నా ఉద్యోగం. చాప పడవను ఒక పక్కకు వంచుతుంది, కీల్ లేపడానికి చూస్తుంది, అది చాలదు. రెండో మనిషి గాలివైపు అంచు మీదనుంచి బయటికి వేలాడాలి. కూర్చోవడం కాదు. కాళ్ళు మోకాలి కిందనుంచి మాత్రమే పడవ అంచుకు తగులుకుని ఉంటాయి, తక్కిన శరీరమంతా పడవ పక్కన, నీటికి జానెడు పైన. చూసేవాళ్ళకు పడవ గోడకు ఆరేసిన బట్టలాగా ఉంటాడు. ఎంత బరువుంటే అంత మేలు గనక ఒకప్పుడు క్రూల బరువు పెరుగుతూ పోయింది. చివరకు నిబంధన పెట్టారు: స్కిప్పరు బరువును 100లోంచి తీసివేసి, మిగిలినదాన్ని 1.5తో భాగించి, 100కు కలిపితే వచ్చేదే క్రూ బరువుకు హద్దు. స్కిప్పరు 85 కిలోలైతే క్రూ 110 దాకా ఉండవచ్చు. మా స్కిప్పరు సన్నటివాడు. ఆ సూత్రం పుణ్యమా అని పార్టీల్లో నా పళ్ళెం వంక ఎవరూ అదోలా చూసేవారు కాదు.

1932లో లాస్ ఏంజలీస్ ఒలింపిక్సుతో స్టార్ పడవ ఆ పోటీల్లోకి వచ్చింది. 1948లో ఇంగ్లండులోని టార్కేలో హిల్లరీ స్మార్ట్ చుక్కాని పట్టగా, క్రూగా వేలాడినవాడు కన్నతండ్రి పాల్; ఇద్దరికీ స్వర్ణం. 1964 టోక్యోలో డర్వర్డ్ నోల్స్, సెసిల్ కుక్ గెలిచినది బహామా దీవులకు మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. నోల్స్‌కు అప్పుడు 46 ఏళ్ళు. 1984లో బిల్ బుకాన్ 49 ఏళ్ళ వయసులో స్టార్‌లో గెలిస్తే, అదే పోటీల్లో ఆయన కొడుకు కార్ల్ వేరే జాతి పడవలో స్వర్ణం గెలిచాడు. ఇంకే ఆటలో ఈ వయసులు వింటాం? కండబలంతో పాటు, గుడ్డ మీది ముడతను చూసి ఏ తాడు ఎంత లాగాలో తెలిసే కన్ను కావాలి ఈ పడవకు. ఆ కన్ను పాతికేళ్ళకు అరుదుగా వస్తుంది.

1976లో ఈ పడవను తీసేశారు. ఇద్దరు మనుషుల కీల్ పడవగా "టెంపెస్ట్" అనే కొత్తది ఒక్కటే మిగిలింది. ఆ ఏడు బాగా వెనకబడిన బ్రిటిష్ జట్టు, అలన్ వారెన్, డేవిడ్ హంట్, చివరి పందెం కాగానే తమ టెంపెస్ట్‌ను నీళ్ళ మీదే తగలబెట్టేశారు. మరుసటి ఒలింపిక్సుకు టెంపెస్ట్ లేదు, స్టార్ తిరిగి వచ్చింది. కానీ 2012 తర్వాత మళ్ళీ తీసేశారు. 2016 రియో పోటీల్లో బరువైన కీల్ ఉన్న పడవ ఏ జాతిదీ లేదు. తేలికైన, వేగమైన, టీవీలో ఎగిరి గంతులేసే పడవలు కావాలన్నారు. ఆడవాళ్ళకు సమాన అవకాశం కావాలన్నారు. ఈ రెండోది న్యాయమే, దానికి అడ్డు చెప్పను. కానీ నలభై దాటినవాడు కూడా నిలిచి గెలవగల పడవ ఒక్కటి ఉంచి ఉంటే ఒలింపిక్సు స్థాయి ఏమీ తగ్గేది కాదని నా అభిప్రాయం.

ఆ ఆఖరు పందెం 2012లో ఇంగ్లండులోని వేమత్ దగ్గర జరిగింది. 2008లో స్వర్ణం గెలిచిన ఇయాన్ పెర్సీ, ఆండ్రూ సింప్సన్ జట్టు ముందుంది. స్వీడను వాళ్ళు, ఫ్రెడ్రిక్ లూఫ్, మాక్స్ సాల్మినెన్, 12 పాయింట్లు వెనక. చివరి పందెంలో స్వీడను పడవ మొదటిది, బ్రిటిషు పడవ ఎనిమిదోది. రెండే రెండు పాయింట్ల తేడాతో స్వర్ణం చేయి మారింది. మరుసటి ఏడు మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఇంకో జాతి పెద్ద పడవ తిరగబడి సింప్సన్ చనిపోయాడు. నేను కలవని మనిషే. అయినా మోకాళ్ళ మీద వేలాడినవాళ్ళందరికీ అతను మా వాడనిపిస్తుంది.

ఒలింపిక్సు పోయినా స్టార్ పోలేదు. పడవలకు ఇచ్చే వరస సంఖ్య 8,000 దాటి చాలాకాలమైంది. ప్రపంచ పోటీలు జరుగుతూనే ఉన్నాయి. పెద్ద చాప మీద పడవ జాతి గుర్తుగా ఎర్రచుక్క ఉంటుంది. ప్రపంచ పోటీ గెలిచినవాడు దాని బదులు బంగారు చుక్క వేసుకోవచ్చు. రేవులో అందరి చాపలూ ఒకలాగే ఎగురుతుంటే, అందులో ఒక బంగారు చుక్క కనబడితే తక్కినవాళ్ళు మాటలు ఆపి ఆ కొయ్య వంక చూస్తారు. ఎంత వంచాడు, ఎక్కడ వంచాడు అని.

మీలో ఎవరికైనా ఇదంతా కళ్ళారా చూడాలనిపిస్తే శాన్ డియాగో దాకా పోనక్కరలేదు. వానాకాలంలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ మీద సెయిలింగు పోటీలు జరుగుతాయి. అక్కడ స్టార్ పడవలు ఉండవు. లేజర్ అనే ఒంటి మనిషి పడవలు ఉంటాయి. ఒకే చాప, వెనకతాళ్ళే లేని వంగే కొయ్య. టాంకుబండు మీద నిలబడి, గాలి ఒక్కసారి లేచే క్షణం కోసం కాచుకోండి. నడిపేవాడి వంక చూడకండి, కొయ్య పైకొస వంక చూడండి. అది వెనక్కు వంగుతుంది, చాప మధ్యలో పొట్ట కరుగుతుంది, వెనక అంచు పైన కాస్త తెరుచుకుంటుంది, పడుకోబోయిన పడవ లేచి నిలబడుతుంది. అంతా రెండు క్షణాల్లో అయిపోతుంది. మొదటిసారి కనబడకపోతే ఇంకో గాలి వస్తుంది. వానాకాలంలో దానికి కరువు లేదు.